నాలుగో గుంత నీళ్ళు

నాలుగో గుంతలో పోసిన బిందెడు నీళ్ళు, నేల పరీక్షకు వచ్చిన సరళ స్కేలు చేతిలోకి తీసుకునేలోపే మాయమైపోయాయి.

ఆమె వంగి చూసింది. అడుగున తడి మెరుస్తోందే తప్ప నీళ్ళు లేవు. మిగతా మూడు గుంతల్లో పొద్దున పోసినవి ఇంకాలా వద్దా అన్నట్టు నెమ్మదిగా దిగుతున్నాయి. పైన ఎర్రమన్ను, కింద గరుసు, ఆ కింద బండ. కొత్తచెరువు ఊరి చుట్టుపక్కల ఏ చేను తవ్వినా ఇంతే. మరి ఈ గుంతకేమైంది?

"ఇంకో బిందె పోయండన్నా."

చేను యజమాని బయ్యన్న పోశాడు. గుంత అదీ మింగేసింది. లోపలినుంచి సన్నగా గాలి పైకి కొట్టింది.

"ఎలక బొక్కలే మేడమ్. శెనిక్కాయ చేను కదా."

"ఎలకలు ఇన్ని నీళ్ళు తాగుతాయా?"

"మా ఎలకలు తాగుతాయి. కరువులో పుట్టినవి."

సరళ నవ్వింది కానీ కదల్లేదు. బయ్యన్న ఈ చేనును ఇళ్ళ స్థలాలుగా విడగొట్టి అమ్మబోతున్నాడు. మురుగు కాలవలు లేని చోటు. ప్రతి ఇంటి మరుగుదొడ్డి నీళ్ళూ ఇంకుడు గుంతలోకే పోవాలి. వాటిని ఈ నేల నెమ్మదిగా వడగట్టగలదని తేలితేనే ఆమె సంతకం పెట్టాలి. చేను దిగువన కాలనీ బోరుంది. చుట్టుపక్కల తియ్యటి నీళ్ళు పడేది అదొక్కటే. ఇక్కడ పొరపాటు జరిగితే ఆ కాలనీ తాగేది ఈ ఇళ్ళ మురుగే.

"ఈ చేన్లో ఎప్పుడైనా బోరేసినారా?"

"దేవుని తోడు, వేయలా. ఊర్లో బోరు జోలికి పోనోన్ని నేనొక్కన్నే. ఎవర్నన్నా అడుగు."

సరళ దారానికి ఒక నట్టు కట్టి గుంత మూలనున్న సందులోకి వదిలింది. దారం ఉండంతా అయిపోయింది. నట్టు ఇంకా వేలాడుతూనే ఉంది.

గడ్డపార అందుకుని ఆ సందు పక్కన పొడిచింది. ఠంగుమంది. మన్ను తీస్తే కడప బండ. ఇద్దరూ కలిసి దాన్ని పక్కకు జరిపారు. కింద నల్లటి బిలం. ఏ ఎలకా తవ్వలేనంత గుండ్రంగా ఉంది.

"బోరేనన్నా. నీళ్ళు పడకపోతే లోపల దించిన కేసింగు పైపు పీకేసి బండ కప్పినారు. పైపు లేదు కాబట్టి పైన పోసిందంతా నేరుగా పాతాళానికి పోతోంది."

"ఎవడేసినాడప్పా నా చేన్లో?" బయ్యన్న దిక్కులు చూశాడు. అది నటన అని సరళకు అనిపించలేదు. మరి యజమానికే తెలియని బోరు ఎక్కడినుంచి వచ్చింది?

అప్పుడే బయ్యన్న భార్య రామలక్ష్మమ్మ సద్దిగిన్నెతో గట్టు దిగి వచ్చి, గుంత దగ్గర ఆగిపోయింది.

"ఆ బండ ఎందుకెత్తినారు?"

బయ్యన్న ఆమె వైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసునా?"

"నువ్వు బెంగళూర్లో లారీ తోలుతాంటివే, అప్పుడేపిచ్చినా. నీళ్ళు చూసేటోని అరచేతిలో టెంకాయ నిలబడింది. నీళ్ళు మాత్రం పడలా. పైపు మా తమ్ముడు పీక్కపోయినాడు. నేను పైన శెనిక్కాయ ఇత్తినా."

"నాతో ఒక మాటన్నా చెప్పలేదే."

"చెప్తే, నా చేన్లో బోరే లేదని నువ్వు ఇన్నేండ్లు గొప్పలు పోయేదానికి ఉంటుండెనా?"

సరళ ఆ తగువులో దూరలేదు. ఆమెకు కావలసింది ఇంకొకటి. ఈ బిలం కాలనీ బోరుతో కలిసిందా? తెలుసుకోవడానికి ఒకటే దారి. కాలనీలో మోటరు చూసుకునే తిప్పమ్మ దగ్గరికి వెళ్ళి, అందరినీ ముందే నీళ్ళు పట్టుకోమని, ఆ తర్వాత మోటరు ఆపవద్దని చెప్పింది. తిరిగొచ్చి, మూట ఉప్పు కరిగించిన నీళ్ళు బిలంలో పోయించింది.

ఎండ వాలుతుండగా తిప్పమ్మే లోటాతో చేనుకు వచ్చింది. సరళ అందులో ఉప్పు కొలిచే మీటరు ముంచింది. ఉప్పు పోయకముందు కాలనీలో కొలిచినదానికి అంకె రెట్టింపయింది.

"కలిసింది," అంది సరళ. "దీన్ని అడుగునుంచీ బంకమన్నూ సిమెంటూ పోసి మూయించాలి. మూయిస్తే మిగతా నేలకు ఏ వంకా లేదు. సంతకం పెడతా."

బయ్యన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. రామలక్ష్మమ్మ మాత్రం నేల చూపులు చూస్తోంది.

"నువ్వూ తాగి చూడు రామలక్ష్మక్కా," అంది తిప్పమ్మ. "ఊరగాయ కడిగిన నీళ్ళ మాదిరి ఉండాయి. ఈ పొద్దంటే ఉప్పు. రేపు ఇండ్లొస్తే మా పిల్లోల్లు ఏం తాగల్ల?"

రామలక్ష్మమ్మ ఒక గుక్క నోట్లో పోసుకుంది. చాలాసేపటికి మింగింది. లోటా తిరిగిచ్చి చేను పైకొసకు చూసింది.

"మేడమ్, సంతకం పెట్టొద్దు. యాపచెట్టు కాడ ఇంకోటుండాది."

"ఇంకోటా?" బయ్యన్న గట్టెక్కి ఆ చెట్టు వైపు చూశాడు.

"టెంకాయ ఆడ కూడా నిలబడింది మరి."

"అదేనా ఆఖరుది?" అడిగింది సరళ.

రామలక్ష్మమ్మ గడ్డపార తీసుకుని మొగుడి చేతికిచ్చింది.

"ముందు అది తవ్వు. మిగిలినవి తర్వాత చూపిస్తా."

సరళ పెన్నుకు మూత పెట్టి, వాళ్ళ వెనకే వేపచెట్టు వైపు నడిచింది.