వియ్యపురాలితో వచ్చిన చిలక

వియ్యపురాలు ఒక చేత్తో బట్టల సంచీ, ఇంకో చేత్తో దుప్పటి కప్పిన పంజరం పట్టుకుని మూడో అంతస్తు మెట్లెక్కి వచ్చేసరికి, కాలర్లావిడ గుమ్మంలో నిలబడి మొహానికి నవ్వు తెచ్చుకోవడానికి తంటాలు పడుతోంది. ఆ మొహం నవ్వి చాలా కాలమైంది మరి.

వీధిలో అందరూ ఆమెని కాలర్లావిడనే అంటారు. చొక్కాల ఫ్యాక్టరీ నుంచి కుట్టిన కాలర్లు మూటలకొద్దీ వస్తాయి. వాటిని తిరగేసి, సన్నటి పుల్లతో మూలలు పొడిచి, కొసలు సూదిగా తీయాలి. పాతికేళ్ళుగా అదే పని. బొటనవేళ్ళు అరిగిపోయి, పాలప్యాకెట్టు చింపాలన్నా పళ్ళే దిక్కు. అది చాలదన్నట్టు రెండేళ్ళ కిందట భర్తకి పక్షవాతం వచ్చింది. ఆయనదా, భారీ విగ్రహం. మూడు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టకపోతే వీపు పుండ్లు పడుతుంది. కొడుకు బస్సు డ్రైవరు, కోడలు క్లినిక్కులో రక్తం తీసే పని. ఇద్దరూ తెల్లారి ఆరింటికల్లా బయటపడతారు. ఇక ఇంటికంతటికీ ఆ ఒక్క నడుమే ఆధారం. ఆ నడుం కాస్తా పోయిన వారం కలుక్కుమంది. ఆయన మీదే అడ్డంగా పడి, కాసేపు అలాగే ఉండిపోయింది. నొప్పి ఒక ఎత్తు, అసలు లేవాలనిపించకపోవడం ఒక ఎత్తు.

కోడలు అది చూసే వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ బడి వంటశాలలో ముప్ఫయ్యేళ్ళు గుండిగలు ఎత్తి దింపిన మనిషి. ఈ మధ్యే పని మానేసింది. ఆవిడ ఉండిపోతే ఇంటికి ఇంకో నడుం వచ్చినట్టే. ఈ సంగతి అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు.

"చూసి చాలా రోజులైందని వచ్చాను వదినగారూ. పదిరోజులుండి వెళ్తాను" అంది వియ్యపురాలు.

"అదేం మాట వదినగారూ, మీ ఇల్లు కాదూ" అంది కాలర్లావిడ. ఉండిపోండి, నావల్ల కావడం లేదు అన్న మాట గొంతుదాకా వచ్చి, మర్యాదగా వెనక్కి పోయింది. వియ్యపురాలిని పట్టుకుని, నా మొగుణ్ణి లేవనెత్తి పెట్టమని ఏ నోటితో అడుగుతారు?

తిరకాసంతా ఆ దుప్పటి కింద ఉంది. గవ్వ అని, బూడిదరంగు చిలక. ఇదివరకు ఊరెళ్తే చూసిపెట్టే పక్కింటివాళ్ళు ఇల్లు మారారు. ఇక గవ్వ ఎక్కడుంటే ఆవిడ అక్కడే. ఈ ఇంట్లోనేమో పదమూడేళ్ళుగా ఇంకో చిలక ఉంది. ఆకుపచ్చది, మెడకి ఎర్ర పట్టీ, పేరు దొర. పేరుకి తగ్గట్టే ఉంటుంది వ్యవహారం. ఈ రెండూ పొసిగితే వియ్యపురాలు ఉంటుంది, పొసక్కపోతే పోతుంది. కాలర్లావిడకి మొదటి గంటలోనే అర్థమైంది, తన నడుం ఇప్పుడు రెండు పిట్టల చేతిలో ఉందని.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి పెద్దాయన్ని ఒత్తిగిలించారు. వియ్యపురాలు భుజాల కింద చెయ్యి వేసింది, ఈవిడ తుంటి దగ్గర పట్టింది. ఊ అనేలోపు అయిపోయింది. కాలర్లావిడ చేతులకేసి చూసుకుంది, ఏదో మర్చిపోయినట్టు.

గవ్వ పంజరాన్ని పెద్దాయన గదిలోనే, దొరకి ఎదురుమూల స్టూలు మీద పెట్టారు. రోజుకో జానెడు దగ్గరికి జరపాలని అనుకున్నారు. పద్ధతి మంచిదే. చెడగొట్టింది మర్యాద.

కాలర్లావిడని పెంచింది మేనత్త. ఆ మేనత్త ఇంట్లో చుట్టం వస్తే చుట్టానికే ముందు వడ్డన, ఇంట్లోవాళ్ళకి అడుగూ బొడుగూ. ఒకసారి గిన్నె పూర్తిగా ఖాళీ అయితే, పిల్లల చేత మంచినీళ్ళు తాగించి, వచ్చినవాళ్ళ ముందు త్రేన్చమంది కూడా. ఆ పెంపకం ఎక్కడికి పోతుంది? పొద్దున్నే యాపిల్ కోసి మొదటి ముక్క గవ్వకి పెట్టింది. నానిన శనగలు ముందు గవ్వకి. కిటికీ పక్క చోటు గవ్వకి. దొర కమ్మీ పట్టుకుని ముక్కుతో టకటకా కొడుతుంటే, "ఉండరా, చుట్టం ముందు పరువు తీస్తావేం" అంది.

వియ్యపురాలు తక్కువ తిందా? ఆవిడా ఆ మర్యాదలోనే పుట్టిపెరిగింది. లేవగానే తన చిలక మొహం చూడకుండా దొర దగ్గరికి పోయేది. "దొరగారు లేచారా? దొరగారికి మిరపకాయ కావాలా?" అని బతిమాలేది. దొర అటు తిరిగి కూర్చునేవాడు. వెనకనుంచి గవ్వ గొంతు చించుకునేది.

నాలుగు రోజులకి దొర రొమ్ము మీద ఈకలు పీక్కోవడం మొదలుపెట్టాడు. గవ్వ తిండి మానేసింది. ఇద్దరి అరుపులకి కింద అంతస్తు ఆయన పైకొచ్చి, "చిలకల్ని పెంచుతున్నారా, కోస్తున్నారా?" అని అడిగి పోయాడు.

అయిదో రోజు పంజరాలు శుభ్రం చేస్తూ రెంటినీ బయటికి వదిలారు. గవ్వ పోయి దొర పంజరం మీద వాలింది. అంతే. దొర ఒక్క దూకు దూకి గవ్వ కాలివేలు పట్టుకున్నాడు. విడిపించేసరికి నేలమీద నెత్తురు చుక్కలు. కాలర్లావిడ గోధుమపిండి తెచ్చి అద్దితే ఆగింది.

"పర్లేదులెండి వదినగారూ, పిల్లల తగాదాలు" అంది వియ్యపురాలు నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఏడుపే నయం. సాయంత్రం అల్లుడు ఇంటికి రాగానే, "బాబూ, మా ఊరికి పొద్దున బస్సు ఎన్నింటికి?" అని అడగటం వంటగదిలోకి వినపడింది.

కాలర్లావిడ స్టవ్ కట్టేసి, ఎందుకు కట్టేసిందో తెలియక మళ్ళీ వెలిగించింది.

మర్నాడు ఉదయం మళ్ళీ అదే తంతు. ఈవిడ యాపిల్ ముక్కతో గవ్వ దగ్గర, ఆవిడ మిరపకాయతో దొర దగ్గర. మంచం మీంచి పెద్దాయన గొణిగాడు. ఆయన మాట ముద్దగా వస్తుంది, మూడుసార్లంటే గానీ తెలియదు. ఇద్దరూ వంగారు.

"ఎవరి పిట్టకి... వాళ్ళు పెట్టుకోండే" అన్నాడు ఆయన. ఊపిరి తీసుకున్నాడు. "వారం నించీ చూస్తన్నా. దాన్ని నువ్వు వదిలేశావు, దీన్ని ఈవిడ వదిలేసింది. మీ మర్యాదలు తగలెయ్య."

రోజంతా ఆయనకి పైకప్పు, ఆ రెండు పిట్టలు తప్ప చూడటానికి ఏముంది? ఆయనకి కనపడింది వీళ్ళకి కనపడలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటుందిగా, అది నలుగురిలో చెప్పుకునేది కాదు గానీ అక్షరాలా నిజం.

కాలర్లావిడ ఆ ముక్క తీసుకెళ్ళి దొరకిచ్చింది. చుట్టాన్ని చూస్తూ చూస్తూ దాటిపోవడానికి కాళ్ళు రాలేదు, అయినా ఇచ్చింది. వాడు తీసుకుని వెంటనే తినలేదు. ఆమె వేలి మీద ముక్కు ఆనించి, అలాగే చాలాసేపు ఉన్నాడు. అవతల వియ్యపురాలు గవ్వ మెడ గోకుతూ, "నా తల్లే, నా తల్లే" అంటోంది. ఆవిడ గొంతు అలా ఉంటుందని కాలర్లావిడకి అప్పుడే తెలిసింది.

రెండు రోజులకి ఈకలు పీకడం ఆగింది. గవ్వ తినసాగింది. తొమ్మిదో రోజు బయటికి వదిలితే రెండూ ఒకే కర్ర మీద, ఈ కొసనొకటి ఆ కొసనొకటి కూర్చున్నాయి. స్నేహమేం కాదు. ఒకే ఆఫీసులో మాటల్లేని గుమాస్తాల్లాగా, అంతే.

పదో రోజు మధ్యాహ్నం వియ్యపురాలు మంచం కిందనుంచి సంచీ లాగి బట్టలు సర్దుతోంది.

"రేపు పదింటి బస్సుకి వెళ్తాను వదినగారూ. మీకు శ్రమ ఇచ్చాను."

"శ్రమేముందండీ. మీ ఇష్టం" అనేసింది కాలర్లావిడ నోరు, ఆమెని అడక్కుండానే.

ఇవతలికొచ్చి కాలర్ల ముందు కూలబడింది. ఒకటి తిరగేసింది. పుల్లతో పొడిస్తే మూల చిరిగి పుల్ల బయటికొచ్చింది. పాతికేళ్ళలో ఏ నాలుగో చిరిగి ఉంటాయి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. మూడు గంటలవుతోంది. లోపల ఆయన్ని తిప్పాలి. రేపు మూడింటికి, ఎల్లుండి మూడింటికి కూడా.

గోడ పట్టుకుని లేచి, గుమ్మంలో నిలబడింది.

"వదినా" అంది. గారు ఎక్కడో జారిపోయింది. "నాకు చేతకావడం లేదు. ఈయన్ని ఒక్కదాన్నీ తిప్పలేను. ఇంకో నెల పోతే ఈ పక్కన ఇంకో మంచం వెయ్యాలి, నాకు. నువ్వు ఉండిపో. మాట వరసకి అడగటం లేదు."

వియ్యపురాలు జాకెట్టు మడత పూర్తి చేసింది. తర్వాత సంచీ అడుగునుంచి లావుపాటి ఉన్ని స్వెట్టర్ తీసి మంచం మీద పడేసింది.

"ఇంత ఎండల్లో పదిరోజులకని వచ్చేవాళ్ళు ఇది తెస్తారా వదినా? మీ ఇంట్లో ఒక్కళ్ళూ అడగలేదు."

"మరి బస్సు టైము అడిగావుగా."

"అడిగితే, ఎందుకు, ఉండండి అంటారనుకున్నాను. మీ అబ్బాయి టైము చెప్పి, ఏ సీటుకి ఎండ తగలదో కూడా చెప్పాడు."

కాలర్లావిడకి నవ్వొచ్చింది. నవ్వితే నడుం పట్టేసింది.

"నేను తెగ దగ్గుతాను. నా టీ నేనే పెట్టుకుంటాను, ఇంకోళ్ళు పెడితే తాగను. ముందే చెప్తున్నా" అంది వియ్యపురాలు.

"పెట్టుకో. నాకూ ఓ గ్లాసు పడెయ్యి."

ఇద్దరూ కలిసి పెద్దాయన్ని గోడవైపు తిప్పారు. "నువ్వు పోయి పడుకో" అంది వియ్యపురాలు, ఆయన వీపుకి పౌడరు రాస్తూ. మర్యాదకి కాదనడానికి కూడా కాలర్లావిడకి ఓపిక లేకపోయింది. పట్టపగలు, కాలర్ల మూట పక్కనే చాప వాల్చుకుని పడుకుంది. కాళ్ళు ఎప్పటికోగానీ నేలకి ఆనలేదు, బిగుసుకుపోయి ఉన్నాయి.

లోపల చిలకలు మళ్ళీ మొదలుపెట్టాయి. ఏ గింజ దగ్గరో, ఏ కొస దగ్గరో. దొర అరిచాడు, గవ్వ అంతకంటే గట్టిగా అరిచింది. రెండింటినీ కలిపి తిడుతున్న వియ్యపురాలి గొంతు వినపడింది. "ఏవయ్యా దొరా, జరుగు. జరగమంటే నిన్నే" అంటోంది, మొదటిసారిగా గారు లేకుండా.

కాలర్లావిడ కళ్ళు తెరవలేదు.