మసక బొమ్మలో గీత

ఆ గీతను చెరిపింది నేను తయారుచేసిన ప్రోగ్రామే.

మా అక్క భర్త సొరంగం పనికి ఇన్‌చార్జి. తవ్వబోయే రాయిలో నీళ్లు దూరే దారి ఉందో లేదో తేల్చాల్సింది మా ల్యాబ్. డ్రిల్లుతో తీసిన రాతి కడ్డీని ఎక్స్-రే యంత్రంలో పెడితే నలభై నిమిషాల్లో బొమ్మ వస్తుంది. కాని మసక. స్పష్టంగా కావాలంటే చిన్న ముక్క కోసి పద్దెనిమిది గంటలు స్కాన్ చేయాలి.

ఆ తిప్పలు తప్పించడానికే బొమ్మలు చూసి నేర్చుకునే డీప్ లెర్నింగ్ మోడల్ కట్టాను. కోసిన ప్రతి ముక్క మసక బొమ్మనూ, స్పష్టమైన బొమ్మనూ జతగా వేలసార్లు చూపించాను. ఇక మసక బొమ్మ ఇస్తే చాలు, ప్రతి రేణువు అంచూ గీసి ఇచ్చేది.

రాళ్లు కోసే పెద్దాయన్ని మేమంతా భూతద్దం అంటాం. ఆయనకే ఇది మింగుడుపడలేదు.

"ఒక్క ముక్క కోసి అసలుది చూద్దామమ్మా. రేపటికల్లా ఇస్తాను."

"బావ ఇవాళే అడుగుతున్నాడు బాబాయ్."

"మీ బావ ఆగలేడా, నువ్వు ఆగలేవా?"

నవ్వేశాను. ఇంతలో ఫోన్.

"ఏం మరదలా, రాయి ఏమంటోంది? తవ్వమంటోందా, పారిపొమ్మంటోందా?"

"నీ బుర్రలాగే ఉంది బావా. గట్టిగా. ఒక్క పగులూ లేదు."

"అయితే సంతకం పెట్టేస్తున్నా. తేడా వస్తే మీ అక్కకి నువ్వే చెప్పుకో."

మూడో రోజు మధ్యాహ్నం రాయి చీలి నీళ్లు విరుచుకుపడ్డాయి. పదకొండు మందిని బయటికి తోసి చివర్న వస్తున్న బావ మోకాలి మీద బండ పడింది.

అప్పుడు తెరిచాను మసక బొమ్మని. మొదటిసారి. ఏటవాలుగా, వెంట్రుకంత గీత. మోడల్ ఇచ్చిన బొమ్మలో అక్కడ రేణువులు ముద్దుగా సర్దుకుని ఉన్నాయి.

భూతద్దం కోత యంత్రం పక్కనున్న చెత్తడబ్బా చూపించాడు.

"పగులున్న రాయి బ్లేడు తగలగానే పొడైపోతుంది. నీకెప్పుడూ గట్టివే కోసిచ్చాను. విరిగినవి ఇందులో పడేశాను."

నా మోడల్ పుట్టాక పగులన్నదే చూడలేదు. గీతను మచ్చ అనుకుని, తనకు తెలిసిన రేణువులతో పూడ్చేసింది. ఆ డబ్బా రెండేళ్లుగా నా కుర్చీకి నాలుగడుగుల దూరంలోనే ఉంది.

రెండు బొమ్మలూ ఆసుపత్రికి పట్టుకెళ్లి బావకు అంతా చెప్పాను. పక్కన అక్క పండు కోస్తోంది.

"ఈ మసకది ముందు చూశావా?" అన్నాడు.

"లేదు బావా. రెండోది అంత బాగా వచ్చేసరికి, దీన్ని తెరవలేదు."

అక్క చేతిలో కత్తి ఆగింది. బావ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"నిజమే. రెండోదే బాగుంది," అని కాగితాలు తిరిగి ఇచ్చేశాడు.

ఆ మోకాలు ఇక వంగదన్నారు డాక్టర్లు. భూతద్దం ఇప్పుడు పగిలిన రాళ్లకు జిగురు పట్టించి, ఆరాక కోసిస్తున్నాడు. నేను వాటినీ మోడల్‌కు చూపిస్తున్నాను. ముందు మసక బొమ్మ తెరుస్తున్నాను.

సొరంగానికి కొత్త ఇన్‌చార్జి వచ్చాడు. "రిపోర్టు రెడీయా?" అని అడిగి ఫోన్ పెట్టేస్తాడు. రాయి ఏమంటోందని అడగడు.