ఆయన కాళ్ల మీద మొక్కు

గుండెకి స్టెంటు వేయించుకున్న రెండో నెల్లోనే కాలేషా కొండవీటి కోట ఎక్కాల్సి వచ్చిందంటే అది పెళ్లాం చలవే. ఆసుపత్రి వరండాలో మహబూబ్ బీ భయంతో మొక్కేసుకుంది. ఆయన బతికి బయటపడితే కోట మీది దర్గాకి నడిపించుకొస్తాను, బండెక్కనివ్వను అని.

తెనాలిలో పరుపులు కుట్టుకునే మనిషికి ఎత్తంటే కాలవ గట్టే. ఘాట్ రోడ్డు నాలుగో మలుపులో పిట్టగోడ మీద కూలబడ్డాడు.

"మొక్కింది నువ్వు, అరిగేవి నా కాళ్లు. నీ కాళ్ల మీద మొక్కుకుంటే ఏం పోయేది?"

"ఐసీయూ అద్దంలోంచి మీ కాళ్లే కనపడ్డాయండి. అవే నోటికొచ్చినయ్."

కాలేషా వంగి తన పాదాలకేసి చూసుకున్నాడు.

"డాక్టరు చదును మీద నడవమన్నాడే."

"మధ్యలో ఆపేస్తే మీకేమన్నా అవుద్దని నా భయం."

"ఆపకపోతే అవుద్దని నాది."

ఓ కారు ఆగింది. "బాబాయ్, ఎక్కండి. పైన దించేస్తాం" అంది ముందు సీట్లో అమ్మాయి. కాలేషా సగం లేచాడు. "వద్దమ్మా, మొక్కుంది" అంది మహబూబ్ బీ. కారు వెళ్లిపోయింది. ఆయన మిగతా సగం కూడా లేచి నడక మొదలెట్టాడు.

ఇంకో రెండు మలుపులు. పైన కోటగోడ ఎంత దూరంలో ఉందో అంత దూరంలోనే ఉంది.

"సగం తెనాలిని పడుకోబెట్టాను మహబూబీ. నాకేమో ఈ తారు మీదే పడుకోబుద్దేస్తోంది" అని నవ్వబోతే దగ్గొచ్చింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

ఆమె ఆయన ఛాతీ మీద అరచెయ్యి పెట్టి చూసింది. లోపల దడదడ. చెయ్యి తియ్యకుండా చాలాసేపు అలాగే నిలబడింది.

"దిగుదాం పదండి."

"మరి మొక్కు?"

"మాటిచ్చింది నేను. అల్లా అడిగితే నేను చెప్పుకుంటా. మిమ్మల్నడగడు."

"రేపట్నుంచీ నాకు తుమ్మొచ్చినా భయపడి చస్తావు."

"చస్తాలెండి. మీరు పక్కనుంటారుగా తిట్టడానికి."

కోట వైపు తిరిగి, రెండు చేతులూ చాపి, పెదాలు కదిలించింది. ఏం చెప్పుకుందో ఆయన అడగలేదు.

దిగేటప్పుడు తను ముందు నడిచింది, ఆయన జారితే తన మీద పడేలా. కాలేషా ఆమె భుజం పట్టుకున్నాడు. నలుగురూ తిరిగే రోడ్డు మీద పెళ్లాం భుజాన చెయ్యేయడం ఆయనకదే మొదలు. ఇద్దరికీ మోకాళ్లు సలుపుతున్నాయి. బస్సు ఎన్నింటికో ఇద్దరికీ తెలీదు.