ఖాళీ స్టూలుకు చెప్పిన మాట

నేను ఒక ఇనుప స్టూలును. వీపు ఆనించడానికి ఏమీ లేదు, చేతులు పెట్టుకోవడానికీ లేదు. గుండ్రని పలక, మూడు కాళ్లు, అంతే నా సంపద. విశాఖపట్నంలో ఒక వెల్డింగు షాపులో పుట్టాను. మొదట ఒక ఫొటో స్టూడియోవాడు కొన్నాడు. పదేళ్లపాటు పెళ్లికూతుళ్లను, పాస్‌పోర్టు మొహాలను మోశాను. స్టూడియో మూతపడ్డాక ఒక క్యాన్సర్ ఆసుపత్రికి చేరాను. డాక్టరుగారి బల్ల పక్కన, రోగి కూర్చునే చోట వేశారు. స్టూడియోలో నిటారుగా కూర్చోమని బతిమాలేవారు. ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

డాక్టరుగారు చెడ్డవారని అనను, అంటే కళ్లు పోతాయి. గడ్డ ఎంత లోతున దాక్కున్నా వేళ్లతో పట్టేసేవారు. అయితే ఆయనకో అలవాటు. రిపోర్టు చూసి, కళ్లద్దాలు తీసి, "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అనేవారు. ఆవిడ లేచి వెళ్లాక, వెనక నిలబడ్డ మొగుడికో అన్నకో విషయం చెప్పేవారు. ఆడమనిషి తట్టుకోలేదట! పురుడు పోసుకున్న మనిషి ఒక్క మాటకు పగిలిపోతుందని మగవాళ్లిద్దరూ తేల్చేసేవారు. జబ్బు ఆవిడది, కబురు ఆయనది. నా పలక మీద ఆవిడ ఒంటి వేడి ఆరకముందే అంతా తేలిపోయేది.

గున్నమ్మ కూడా అలాగే వచ్చింది. పలాస దగ్గర జీడిపిక్కలు కొట్టే మనిషి. జీడి చమురుకు వేళ్లు నల్లబడి ఉన్నాయి. కుడి రొమ్ములో గడ్డ. ఆవిడను బయటికి పంపి, రొమ్ము మొత్తం తీసేయాలని భర్త ఎర్రన్నకు చెప్పారు. "దానికి సెప్పకండి బాబూ, బెంగెట్టేసుకుంటాది" అని అతను కళ్లు తుడుచుకున్నాడు. తరువాత ఆవిడను పిలిచి, "చిన్న ఆపరేషనమ్మా, గడ్డ తీసేస్తాం" అన్నారు. కాగితం మీద ఆ నల్లటి వేలితోనే ముద్ర వేసింది. నోరుంటే నేనైనా చెప్పేదాన్ని. ఇనుముకు నోరెక్కడిది?

ఏడాదిన్నర తరువాత మళ్లీ వచ్చింది. కొంగు కుడివైపుకు నిండుగా లాక్కుని ఉంది. ఈసారి జబ్బు ఎముకల్లోకి పాకింది. డాక్టరుగారు రిపోర్టు చూసి కళ్లద్దాలు తీశారు. "అమ్మా, మీరు కాసేపు బయట..."

"నాను లెగను బాబూ," అంది గున్నమ్మ. రెండు చేతులతో నా అంచు పట్టుకుంది. "సెప్పీదేటో నాకే సెప్పండి."

"ఓలె, ఊరుకోయే" అన్నాడు ఎర్రన్న. ఆవిడ అతని వైపు తిరగనైనా లేదు.

"అప్పుడూ మీలో మీరే సెప్పుకున్నారు. మొత్తం తీసేత్తారని నాకెవులూ సెప్పనేదు. మెలకువొచ్చి తడుముకుంటే ఏటీ నేదు. ముందే సెప్పుంటే, ఒక్కపాలి అద్దంలో సూసుకుందును కదా బాబూ. నా ముగ్గురు పిల్లలూ తాగినది."

డాక్టరుగారు కలం కింద పెట్టారు. కుర్చీ ముందుకు లాక్కుని, ఆవిడ మొహం చూస్తూ ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఎన్నాళ్లో కూడా చెప్పారు. "నొప్పి బాగా ఉంటాదా?" అని అడిగింది. మందులిస్తామన్నారు. తల ఊపింది. ఏడ్చింది మాత్రం ఎర్రన్నే. ఆవిడే లేచి అతని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది.

తరువాత మూడుసార్లు వచ్చింది. నాలుగోసారి ఎర్రన్న ఒక్కడే వచ్చాడు, మిగిలిన మందులు తిరిగి ఇచ్చేయడానికి. కూర్చోమన్నా నా మీద కూర్చోలేదు. ఆ డాక్టరుగారు ఉన్నన్నాళ్లూ మళ్లీ ఏ ఆడమనిషినీ ఆ గదిలోంచి బయటికి పంపలేదు.

ఆయన రిటైరయ్యారు. కొత్త డాక్టరుతో పాటు కొత్త కుర్చీలూ వచ్చాయి, వీపు ఆనేవి. కాలి రబ్బరు ఊడిందని నన్ను వరండాలో తలుపు పక్కన పడేశారు. పోనీలే, చెడు మాటలు వినే పని తప్పిందనుకున్నాను.

ఈ ఉదయం తలుపు తెరుచుకుంది. ముప్ఫై ఏళ్ల పిల్ల ఒకతె బయటికి వచ్చి నా మీద కూర్చుంది. భర్త లోపలే ఉండిపోయాడు. తలుపు మూసుకుంది. ఇదివరకు నేనైనా వినేదాన్ని, ఇప్పుడు నాకూ ఏమీ వినపడటం లేదు. ఆ పిల్ల రెండు చేతులతో నా అంచు గట్టిగా పట్టుకుంది.

లే తల్లీ. లేచి ఆ తలుపు తట్టు.