కోతో ఇంటి షిగెనో

పద్నాలుగు చెక్క తలుపుల్లో పదకొండోది ఎప్పటిలాగే మొరాయించింది. షిగెనో భుజం ఆనించి ఒక్క తోపు తోసింది. ఫుకుయామా ఊళ్లో కోతో వాద్య విద్వాంసుడు ఇమాయెదా గురువుగారు బతికిన, ఇప్పుడు జనం చూడవచ్చే ఇంట్లోకి ఎండ జారి, చాపల మీద పరుచుకుంది.

మేజోళ్ల మిల్లులో ముప్పై ఏళ్లు, ఈ ఇంటి కాపలాలో పందొమ్మిదేళ్లు. పొట్టి మనిషి, చేటల్లాంటి అరచేతులు. పదమూడు తీగల ఆయన పొడవాటి కోతోను రోజూ మెత్తని గుడ్డతో తుడుస్తుంది. అది పలకగా మాత్రం ఎన్నడూ వినలేదు. ‘ముట్టరాదు’ అని పలక రాసి పెట్టింది తనే.

పదిన్నరకి ఒక ముసలావిడ వచ్చింది. తొంభైకి దగ్గర్లో ఉంటుంది. షిగెనో రోజూ చెప్పే పాఠం అందుకుంది.

“గురువుగారు శాంతమూర్తి. శిష్యుల్ని పల్లెత్తు మాట అనేవారు కాదు...”

ముసలావిడ పకపకా నవ్వింది. “ఎవరమ్మాయ్ నీకు చెప్పిందీ? శ్రుతి తప్పితే ఊరగాయ టెంకలు విసిరేవాడు! ఇదిగో, ఈ నుదుటికే గురి.”

“పురపాలకం వాళ్లిచ్చిన కాయితంలో అలా లేదండీ!”

“కాయితాన్ని కొట్టలేదుగా మరి!”

ఆవిడ పేరు తొమియె. పన్నెండో ఏట నుంచి ఎనిమిదేళ్లు ఈ గదిలోనే నేర్చుకుంది.

“రేపు కూతురొచ్చి ఎక్కడో ఉత్తరాన హొక్కైదోకి తీసుకుపోతోంది. ఇక ఇటు రాను. ఒక్కసారి ముట్టుకోనా?”

కోతో మీద గీత పడితే ఉద్యోగం పోతుందని పురపాలక గుమస్తా ఎప్పుడో హెచ్చరించాడు. షిగెనో వెళ్లి గేటుకి ‘భోజన విరామం’ అట్ట తగిలించింది. అప్పటికి పదకొండైనా కాలేదు. తిరిగొచ్చి, తను రాసిన పలకను గోడవైపు తిప్పేసింది.

తొమియె మోకాళ్ల మీద కూర్చుని, తీగల కింది మెట్లు ఒక్కొక్కటే సర్దుకుని, చేతిసంచిలోంచి ఏవో తీసి వేళ్లకి తొడుక్కుని, మీటింది. నడుమ ఒకచోట వేలు జారింది. “ఛీ, మొద్దూ!” అని గురువు గొంతుతో తనను తానే కసిరింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. చాపకి ఆనించిన షిగెనో అరచేతుల్లోకి ఆ నాదం పాకింది. తను రోజూ తుడిచే చెక్కలో ఇంత గొంతుందా?

“ఇంకోసారి వాయించండమ్మా,” అంది, కళ్లు తుడుచుకుంటూ.

మధ్యాహ్నం వచ్చిన దంపతులకి కొత్త పాఠం చెప్పింది: “గురువుగారికి కోపం ముక్కుమీదే ఉండేదండీ.” మూల కూర్చున్న తొమియె బుద్ధిగా తలూపింది.

ఇక రానన్న మనిషే, నాలుగింటికి బస్సెక్కుతూ “వెళ్లొస్తానమ్మాయ్” అంది. బస్సు మలుపు తిరిగేదాకా షిగెనో చెయ్యి ఊపింది.

తలుపులు మూయబోతుంటే కోతో పక్కన, చాప మీద, బొటనవేలికి తొడుక్కుని తీగ మీటే దంతపు గోరు కనబడింది. పన్నెండేళ్ల పిల్ల వేలికి కుట్టిన దాని తోలు పట్టీని తర్వాతెప్పుడో విప్పి, ఎదిగిన వేలికి పట్టేలా ఎర్రదారంతో అతుకు వేసి ఉంది.