పాట ఎవరి పేరున

“ఆ పాటలేవో నువ్వే ఎక్కించెయ్. నీకు ఖాళీయేగా,” అన్నాడు భర్త, విప్పిన చొక్కా ఆమె భుజం మీద పడేస్తూ. ఆమె చేతులు రెండూ మోచేతుల దాకా నురగలో ఉన్నాయి. బకెట్లో దుప్పటి జాడిస్తోంది. ఖాళీ అనే మాట ఆ ఇంట్లో ఆమె కోసమే పుట్టింది.

ఎక్కించాల్సినవి ఏడు పాటలు. ఆయన్ని ఊరంతా మాస్టారు అంటుంది. కీబోర్డు మీద వేళ్ళు పరుగెత్తిస్తాడు, కాదనకూడదు. కాని ఏడింటికీ మాట రాసిందీ, వరస కట్టిందీ, పాడిందీ ఆమె. ఇంతకు ముందొచ్చిన రెండు ఆల్బమ్‌లూ అంతే. అట్ట మీద ఆయన పేరు, ఆయన ఫొటో. ఆమె పేరు భూతద్దం పెట్టి వెతికినా లేదు. అడిగితే, “మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏంటే?” అన్నాడు. అత్తగారు ఇంకో మెట్టెక్కింది. “వాడు వాయించబట్టి సరిపోయింది. లేకపోతే నీ గొంతు ఈ గుమ్మం దాటేదా?” సొమ్మొకడిది, సోకొకడిది. అప్పుడు గుడ్ల నీరు గుడ్లలోనే కుక్కుకుంది. మెత్తనివాళ్ళను చూస్తే ఎవరికైనా మొత్తబుద్ధే అని తెలిసేసరికి ఆమెకు నలభై దాటాయి. ఈసారి కన్నీళ్ళు రాలేదు. ఒళ్ళు మండింది, అంతే.

పాట అప్పగిస్తే చాలు, జనం పాటలు వినే యాప్‌లన్నింటికీ దాన్ని పంపిణీ చేసే కంపెనీలు బోలెడున్నాయి. బిడ్డను బడిలో వేసే ముందు తల్లి తీసినంత ఆరా తీసిందామె. వారం రోజులు, అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసే గంటలో, నిబంధనలు అక్షరం వదలకుండా చదివింది. మొదటి కంపెనీని మాస్టారే తెచ్చాడు, ఎవరో స్నేహితుడు చెప్పాడని. అందులో పాటకు ఒక్కరి పేరే. మిగతావాళ్ళు ఉన్నా లేనట్టే. ఆయనకు నచ్చకేం చేస్తుంది మరి. రెండోదానికి ఏటేటా కట్టాలి, ఒక ఏడు మరిచిపోతే పాటలు మాయం. ఆ ఇంట్లో మరిచిపోయే హక్కు ఆయనది, తిట్లు తినే బాధ్యత ఆమెది. అదీ వద్దనుకుంది. మూడోది పేచీకోరు కంపెనీ. ఎవరు రాశారు, ఎవరు వరస కట్టారు, ఎవరు పాడారు, ఎవరు వాయించారు, అన్నీ విడివిడిగా చెప్పాలి. పేరున్న ప్రతివాళ్ళకూ ఫోన్‌లో ఆ వివరాలు వస్తాయి, అందరూ ఒప్పుకుంటేనే పాట బయటికి వెళ్తుంది. తగాదా వస్తే అందరికన్నా పాత రికార్డింగు ఎవరి దగ్గరుంటే పాట వాళ్ళది. ఏ కోడలో కూర్చుని రాసినట్టున్నాయి ఆ నిబంధనలు. చదువుతుంటే ఆమెకు నవ్వొచ్చింది.

“మూడోది చూశానండీ,” అంది.

“ఏదో ఒకటి తగలెయ్. ఫారాల గోల నాకు చెప్పకు.”

ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంటి ఫారాలన్నీ నింపింది ఆమే. వేలు పెట్టి చూపించిన చోట సంతకం గీకి పడేసేవాడు ఆయన. ఆ బద్ధకాన్నే పెద్దరికం అనుకునేవాడు. రచన, స్వరం, గానం అన్న మూడు గళ్ళలోనూ ఆమె తన పేరు రాసుకుంది. కీబోర్డు అన్న గడిలో ఆయన పేరు రాసింది. ఎక్కడా ఒక్క అబద్ధం లేదు.

“మీ ఫోన్‌కి వివరాలొచ్చాయి. చదివి ఒప్పుకోండి.”

“నొక్కేశా,” అన్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

పాటలు బయటికొచ్చిన రోజు మాస్టారు తోక తొక్కిన తాచులా ఇంటికొచ్చాడు. తోటి వాయిద్యగాళ్ళు ఫోన్ చేసి, “ఎప్పట్నించి వదిన దగ్గర వాయిస్తున్నారు మాస్టారూ?” అని అడిగారట.

“నా పేరేదే?”

“ఉందిగా. కీబోర్డు.”

“మొగుణ్ణి బజారుకీడ్చావు కదే,” అంది అత్తగారు.

“వరస నాదని ఇప్పుడే రాస్తా ఆ కంపెనీకి. నీ సంగతి తేలుస్తా,” అన్నాడు మాస్టారు.

“రాయండి. పాత రికార్డింగు అడుగుతారు. మీ దగ్గర లేదు, నా దగ్గరుంది. వింటారా?”

ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కింది. కుళాయి ధార, గిన్నెల చప్పుడు. వాటి మధ్య ఆమె గొంతు మొదటి పాట వరస వెతుక్కుంటోంది. తెగుతోంది, మళ్ళీ దొరకబుచ్చుకుంటోంది. సరిగ్గా వరస కుదిరిన చోట దభీమని తలుపు తెరుచుకుంది, మాస్టారి గొంతు ఖంగుమంది. “ఆపవే ఆ మూలుగు. లోపల పనిచేసుకునేవాళ్ళున్నారు.” పాట ఆగిపోయింది. నీళ్ళు మాత్రం కాసేపు కారుతూనే ఉన్నాయి.

అత్తగారు కొడుకు మొహంలోకి చూసి, చూపు తిప్పుకుంది. మాస్టారు చెయ్యి చాచి ఫోన్ ఆపాడు.

“అది తీసెయ్,” అన్నాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు.

“ఎలా తీస్తానండీ, ఎనిమిదో పాటగా ఇదీ వెళ్ళిపోయింది. మీరు ఒప్పుకున్నవాటిలోనే ఉంది,” అంది ఆమె. “దీనికి మాత్రం గొంతు మీదని, మీ పేరే వేశాను.”