చేతులు మాత్రం చాలట

నాకు ముక్కు మీదే కోపమని మా ఆయన కనబడిన వాళ్ళందరికీ చెబుతాడు. నిజమే. కానీ కెమెరా ముందు నిలబెడితే ఆ కోపమూ ధైర్యమూ ఎటు పోతాయో, కర్ర మింగినట్టు బిగుసుకుపోతాను. నా ఐడీ కార్డు మీది ఫోటో చూసి, "ఏం కాజేస్తూ దొరికిపోయావే?" అని అడిగాడాయన. పెళ్ళి ఫోటోల్లోనూ అదే వరస. మా ఆడపడుచు ఇప్పటికీ ఆ ఆల్బమ్ తీసి నవ్వుకుంటుంది.

అందుకే, గేటు దగ్గర పెట్టే పెద్ద ఫోటోకి బయటి నుంచి ఒక మోడల్‌ని తెస్తున్నామని మేనేజరు చెబితే హమ్మయ్య అనుకున్నాను. మాది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. పద్దెనిమిదేళ్ళుగా నేనిక్కడ కటింగ్ మాస్టర్ని. ఎనభై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, కరెంటు కత్తితో గీత వెంట కోస్తాను. పై పొరకీ అడుగు పొరకీ వెంట్రుకవాసి తేడా వచ్చిందా, ఎనభై కాలర్లూ చెత్తబుట్టలోకే. ఫోటో కింద 'మా పనితనం' అని రాయిస్తారట.

మోడల్ వచ్చింది. చక్కని పిల్ల, కాదనను. నా ఏప్రన్ విప్పించి ఆమెకు కట్టారు. ఎడమచేతికి వేసుకునే ఇనుప గ్లవ్ మాత్రం వద్దన్నాడు మేనేజరు. గోళ్ళ రంగు కనబడాలట.

"బిగుసుకుపోకమ్మా, హాయిగా నిలబడు," అంటాడు ఫోటోగ్రాఫరు. కత్తి ఆన్ చేసేసరికి ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. హాయిగా ఎలా ఉంటుంది? ఒట్టి చేత్తో ఆ కత్తి పక్కన నిలబడాలంటే నాకే భయం. చరచరా వెళ్ళి స్విచ్ ఆపేశాను.

"గ్లవ్ లేకుండా ఈ కత్తి నడవదు. పని రానివాళ్ళ చేతికి అసలే ఇవ్వను," అన్నాను.

"ఫోటోకే కదమ్మా," అన్నాడు మేనేజరు.

"ఆ సంగతి కత్తికి తెలీదు సార్."

"అయితే మీరే కొయ్యండమ్మా, నేను తీస్తుంటాను," అన్నాడు ఫోటోగ్రాఫరు. గ్లవ్ తొడుక్కుని మొదలుపెట్టాను. మొదట భుజాలు చెవుల దాకా లేచాయి. కాలర్ మలుపు దగ్గరకొచ్చాక ఇక కెమెరా సంగతి ఎవరికి కావాలి? కన్ను గీత మీద ఉండాలి, ఊపిరి నెమ్మదిగా ఉండాలి. భుజాలు వాటంతటవే దిగాయి. ముక్క పూర్తిచేసి తలెత్తేసరికి అతను పాతిక దాకా తీసేశాడు.

కెమెరా తిప్పి చూపించాడు. ఫోటోలో ఉన్నది నేనే. బిగుసుకుపోయిన ఆ మనిషి కాదు, నేను. ఎందుకు దాచాలి, చాలా సంతోషమేసింది.

మేనేజరు కూడా వంగి చూశాడు. "చేతులు బ్రహ్మాండం. చేతులు మాత్రం చాలు. ముఖం ఈ అమ్మాయిది పెట్టేద్దాం. కంప్యూటర్లో అతికిస్తే ఎవరికీ తెలీదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే విన్నాను గానీ, నా చేతులు తీసి ఇంకొకరికి అతికిస్తారని కలలో కూడా అనుకోలేదు.

"కుదరదు సార్," అన్నాను.

"మిమ్మల్ని తక్కువ చెయ్యడానికి కాదమ్మా. వచ్చేవాళ్ళు మొదట చూసేది అదే. ముఖం కాస్త కళగా ఉండాలి."

"ఈ ముఖంలో కళ పోయింది ఈ బల్ల దగ్గరే. నా చేతులు కావాలంటే ముఖంతో సహా తీసుకోండి. లేదా రెండూ వదిలెయ్యండి."

"పని చేసుకునేవాళ్ళు మాట్లాడే మాటలేనా ఇవి?"

"పని చేసేవాళ్ళు కాబట్టే మాట్లాడతారు సార్."

ఈ మాటతో ఉద్యోగం ఊడినా ఊడుతుంది. అయినా నోరు వెనక్కి తగ్గలేదు. వెనక కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మోడల్ పిల్ల ఏప్రన్ ముడి విప్పి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నా ముఖం వద్దు సార్. అక్క చేతులకి అక్క ముఖమే ఉండనివ్వండి," అంది.

మేనేజరు ఆమెను చూశాడు, మిషన్ల వైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు. "సరే, ఒక్కటి తియ్యి. చూద్దాం. కాస్త నవ్వమను," అన్నాడు ఫోటోగ్రాఫరుతో.

"నవ్వు రావట్లేదు," అన్నాను.

ఏప్రన్ కట్టుకుని, బల్ల మీద అరచెయ్యి ఆనించి, కెమెరాలోకి సూటిగా చూశాను. నా మెడ బిగుసుకోలేదు. కన్ను పక్కకు పోలేదు.

"సిద్ధమేనా అమ్మా? ఒకటీ రెండూ లెక్కపెట్టనా?" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"అక్కర్లేదు బాబూ, నిదానంగా తీసుకో. నేనెక్కడికీ పోను."